ఆదివారం మాత్ర

ఎలీసమ్మ టీచరు చనిపోయిన రోజున ఆ ఇంట్లో ఒక మాత్ర కూడా కనిపించకుండా పోయింది. మనిషే పోయినచోట మాత్ర సంగతి ఎవరికి పడుతుంది? పోలీసులు స్ట్రిప్పు చేతిలోకి తీసుకుని చూసేదాకా ఎవరికీ పట్టలేదు. ఆయాసానికి వేసుకునే మాత్రలవి. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. శనివారం ఉదయమే కొత్త స్ట్రిప్పు మొదలుపెట్టారు. ఆదివారం తెల్లవారకముందే ఆమె గుంటూరు ఆసుపత్రిలో కన్నుమూసింది. ఆ లెక్కన స్ట్రిప్పులో రెండు గూళ్ళు ఖాళీగా ఉండాలి. మూడు ఉన్నాయి.

మూడోది ఏమైందన్న ప్రశ్నకు పొన్నూరు ఎస్సై అనిల్ కుమార్ దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. మిషన్ డిస్పెన్సరీ నర్సు ఫెబా శనివారం రాత్రి, గుండె బలహీనమైన ఎలీసమ్మకు బీపీ చూడడానికి ఆ ఇంటికి వచ్చింది. ఎలీసమ్మ భర్త జక్రయ్య మాస్టారు ఆ సమయానికి పాలకు వెళ్ళారు. ముందురోజే చర్చి సంఘం కమిటీలో ఎలీసమ్మ, డిస్పెన్సరీ వేళకు తెరవడం లేదని ఫెబాను అందరిముందూ మందలించింది. గురువారం రక్తపరీక్ష రిపోర్టు వచ్చింది. ఆయాసం మందు రక్తంలో ఉండాల్సిన దానికి రెండింతలు దాటి ఉంది. ఆ రాత్రే ఫెబాను స్టేషనుకు తీసుకెళ్ళారు. శుక్రవారం సాయంత్రం నాలుగింటికి మేజిస్ట్రేటు ముందు పెడతారు. ఆ తర్వాత జైలు.

శుక్రవారం ఉదయం హారిక ఆ ఇంటి వసారాలో చెప్పులు విప్పింది. ఆమె గుంటూరులో ప్రైవేటు డిటెక్టివు. అంతకుముందు కొన్నేళ్ళు ఒక మందుల కంపెనీలో మాత్రలు తయారుచేసే విభాగంలో పనిచేసింది. అంతకంటే చాలా ముందు, జక్రయ్య మాస్టారి దగ్గర లెక్కలు నేర్చుకుంది. ఇప్పుడు ఆయనే కబురుపెట్టి పిలిపించారు.

మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. పక్కన ఉన్న రెండో కుర్చీలో ఆమెను కూర్చోమనలేదు. లోపలినుంచి ఒక స్టూలు తెచ్చి వేశారు. హారిక స్టూలు మీదే కూర్చుంది.

"ఫెబా చేయలేదని మీరెందుకు అనుకుంటున్నారు మాస్టారూ?"

"అనుకోవడం లేదమ్మా. నాకు తెలియదు. రాత్రి ఎనిమిదిన్నరకి అన్నం తిన్నాక మాత్ర ఇచ్చింది నేను. ఒక్కటే ఇచ్చానని నా నమ్మకం. కానీ స్ట్రిప్పులో మూడు లేవు. ఫెబా ఇవ్వకపోతే, మతిమరుపున నేనే రెండు ఇచ్చి ఉండాలి. ఈ రెంటిలో ఏదో ఒకటి. ఏదైనా సరే, అది కనుక్కుని చెప్పు. నాకోసం దాచొద్దు."

"ఇచ్చాక ఎంతసేపటికి ఆవిడకి తేడా చేసింది?"

"గంట కూడా కాలేదు. తొమ్మిదింబావుకి వార్తలు వింటూ, గుండె దడగా ఉందండీ అంది. తర్వాత వాంతి. చేతులు వణికాయి. పన్నెండింటికి ఆటోలో ఎక్కించాం. దార్లో ఫిట్స్ వచ్చాయి."

"శనివారం ఉదయం మాత్రకి?"

ఆయన కొంచెం ఆలోచించారు. "అప్పుడూ కాస్త దడ అంది. కాఫీ చిక్కగా అయిందేమో అనుకున్నాం. ఇంకోటి కూడా అంది. మాత్ర నాలిక మీద చుర్రుమంటోంది, పచ్చడి చేత్తో ముట్టుకున్నారా అని నామీద విసుక్కుంది. నేను చెయ్యి వాసన చూపించాను."

"పచ్చడి కలిపారా మీరు?"

"లేదమ్మా. ఆ పూట ఉప్మా."

హారిక మనసులో రెండు విషయాలు పక్కపక్కన పెట్టుకుంది. ఆ మాత్ర పన్నెండు గంటలపాటు కొంచెం కొంచెంగా కరగాలి. దాని తయారీ అంతా అందుకే. గంటలోపల అంత దడ పుట్టించడం దాని పని కాదు. కారంగా ఉండడం అసలే కాదు.

వీధిలో జీపు ఆగింది. అనిల్ కుమార్ కానిస్టేబులుతో సహా లోపలికి వచ్చాడు. మాస్టారికి నమస్కారం పెట్టాడు, హారికకు పెట్టలేదు.

"డిటెక్టివు గారొచ్చారని తెలిసింది. మేమొకసారి చూసిన సీను మేడమ్ ఇది. మళ్ళీ చూస్తే మూడోమాత్ర పుట్టుకొస్తుందా?"

"ఏమేం చూశారు?"

"మంచం, దిండు, వంటిల్లు, బీరువా, చెత్తబుట్ట. మంచం కింద పాక్కుంటూ వెళ్ళి నేనే చూశాను. మీ సినిమా డిటెక్టివులైతే భూతద్దం పెట్టేవాళ్ళేమో."

"భూతద్దం అక్కర్లేదండీ. ఒక ప్రశ్న చాలు." హారిక మాస్టారి వైపు తిరిగింది. "టీచరుగారు పొద్దుటి మాత్ర ఎప్పుడు వేసుకుంటారు?"

"పలహారం తిన్నాక."

"ఆదివారం కూడానా?"

జక్రయ్య జవాబు చెప్పబోయి ఆగారు. గోడమీద క్యాలెండరు వైపు చూశారు. "పోయిన ఆదివారం ప్రభువు బల్ల ఉంది. చర్చిలో ఆ రొట్టె, ద్రాక్షరసం తీసుకునేదాకా మంచినీళ్ళు కూడా ముట్టదు. చిన్నప్పటినుంచీ అంతే. డాక్టరు చెప్పినా వినలేదు."

"మరి మాత్ర?"

"ఆరాధన అయ్యాక చర్చి పంపు దగ్గర వేసుకునేది." ఆయన గొంతు తగ్గింది. "రాత్రే తీసి పెట్టుకునేది."

తలుపు పక్కన మేకుకు జిప్పు ఉన్న నల్లటి బైబిలు సంచి వేలాడుతోంది. అనిల్ కుమార్ కూడా అటే చూశాడు.

"అది విప్పలేదు," అన్నాడు. "బైబిలు సంచి, అందులోనూ పోయిన మనిషిది, తడమడం బాగోదని మావాడన్నాడు. నేనూ సరేనన్నాను."

"ఇప్పుడు మీరే విప్పండి. నేను ముట్టుకోను. మీ కానిస్టేబుల్ గారు వీడియో తీస్తారు. లేకపోతే మధ్యాహ్నానికి, అది నేనే పెట్టానంటారు."

"అందామనే అనుకున్నాను," అన్నాడు ఎస్సై మొహమాటం లేకుండా. జిప్పు లాగాడు. బైబిలు, కళ్ళజోడు, కానుక కవరు, మడతపెట్టిన తెల్ల చేతిరుమాలు బయటికి వచ్చాయి. రుమాలు ఒక కొసకు చిన్న ముడి ఉంది. పల్లెల్లో ఆడవాళ్ళు కొంగుకు చిల్లర కట్టుకున్నట్టు కట్టిన ముడి. అది విప్పడానికి ఎస్సై గోళ్ళు చాలాసేపు తంటాలుపడ్డాయి. లోపల తెల్లటి మాత్ర ఉంది.

జక్రయ్య లేచి వచ్చి ఆ మాత్రను దూరంనుంచే చూశారు.

"అయితే ఒక్కటే ఇచ్చానన్నమాట," అన్నారు. మళ్ళీ వెళ్ళి కూర్చున్నారు.

అనిల్ కుమార్ మాత్రను కాగితం మీద పెట్టాడు. తెల్లమొహం వేసే మనిషి కాదతను. "సరే. మూడోది ఇక్కడుంది. వేసుకున్నది రెండే. మరి రక్తంలో అంత మందు ఎలా వచ్చింది? ఫెబా దగ్గర డిస్పెన్సరీనిండా మాత్రలున్నాయి. ఈ స్ట్రిప్పులోదే వేయాలని రూలుందా? తన సంచిలోంచి తీసి వేసి ఉండొచ్చు."

"మంచి ప్రశ్న."

"మెచ్చుకోనక్కర్లేదు. జవాబు చెప్పండి."

"మాస్టారూ, ఇంతకుముందు వాడిన మాత్ర ఏదైనా మిగిలిందా?"

ఊరెళ్ళేటప్పుడు పట్టుకెళ్ళే సంచిలో ఒకటి ఎప్పుడూ ఉంచుతానని చెప్పి ఆయన లోపలికి వెళ్ళి తెచ్చారు. స్ట్రిప్పునుంచి కత్తిరించిన ముక్క. అదే కంపెనీ, అదే మందు. నవోర్మి రెమెడీస్. కాకపోతే బ్యాచ్ పాతది.

హారిక రెండు గాజుగ్లాసుల్లో గోరువెచ్చని నీళ్ళు పోయించింది. కొత్త బ్లేడుతో రెండు మాత్రల్నీ చెరిసగం కోసింది.

"ఆగండాగండి," అన్నాడు ఎస్సై. "అది సాక్ష్యం. దాన్ని నీళ్ళలో ముంచుతారా?"

"సగం మీకు. కవర్లో పెట్టి సీలు వేయించండి. దాని తోబుట్టువులు ఏడు మీ స్టేషన్లో ఉన్నాయి. ఈ సగం ఏం చెప్తుందో విన్నాక, మిగతావాటిని ల్యాబుకు పంపాలో వద్దో మీరే తేల్చుకోండి."

కవరు మూసేముందు ఆమె బ్లేడు అంచుకు అంటిన పొడిని నాలిక కొసకు తాకించుకుంది. వెంటనే ఉమ్మేసి నోరు కడుక్కుంది. మందు చేదు ఉంది. చేదు వెనక సన్నటి మంట ఉంది.

"కారం," అంది.

"గుంటూరు జిల్లాలో కారం తగలని వస్తువొకటి చూపించండి, చూస్తాను," అన్నాడు ఎస్సై. కానీ గ్లాసుల దగ్గరనుంచి కదల్లేదు.

హారిక చెంచాతో అప్పుడప్పుడూ నీళ్ళు కదిలిస్తూ ఉంది. ఐదు నిమిషాలకు ఆదివారం మాత్ర అంచులు పగిలాయి. పది నిమిషాలకు అది గ్లాసు అడుగున పొడిగా పరుచుకుంది. పాత మాత్ర మాత్రం ఉబ్బింది. నీళ్ళలో వేసిన సబ్జాగింజ చుట్టూ కట్టే జిగురులాంటి పొర దానిచుట్టూ కట్టింది. చెంచాతో నొక్కితే జారిందే తప్ప విరగలేదు.

"ఎస్సైగారూ, మాత్రలో మందు కొంతే. మిగిలినదంతా మందు కానిది. బంక, పిండి, పాలచక్కెర, ఇలాంటివి. జనం వాటిని లెక్కచేయరు. కానీ మందు ఎప్పుడు బయటికి రావాలి, ఎంత నెమ్మదిగా రావాలి అనేది అవే చెప్తాయి. ఈ పాత మాత్ర చుట్టూ జిగురు గోడ కట్టింది చూడండి. ఆ గోడలోంచి మందు పన్నెండు గంటలపాటు కొంచెం కొంచెంగా ఊరుతుంది. ఈ కొత్తదానికి గోడ లేదు. పూటంతటికీ సరిపడే మందు ఒక్కసారిగా రక్తంలో పడుతుంది. పొద్దున ఒకసారి పడింది, రాత్రి మళ్ళీ పడింది. ఆవిడ గుండె అసలే బలహీనం."

"నీళ్ళగ్లాసు చూసి కోర్టు ఒప్పుకోదు మేడమ్."

"కోర్టుకు ల్యాబుంది. ఫెబాకు నాలుగింటిదాకానే టైముంది. డ్రగ్స్ ఇన్‌స్పెక్టరుకు ఫోన్ చేశాను, ఒంగోలులో ఉన్నారట, సాయంత్రం గానీ రారు. మీరొస్తే ఇప్పుడే ఫ్యాక్టరీకి వెళ్దాం. రాకపోతే నేనొక్కదాన్నే వెళ్తాను. గేటు బయట నిలబెడతారు, అంతేగా."

అనిల్ కుమార్ టోపీ తీసుకున్నాడు. "మీకోసం కాదు. ఆ గ్లాసు నాకు నచ్చలేదు," అన్నాడు.

నవోర్మి రెమెడీస్ గుంటూరు దాటాక నరసరావుపేట దారిలో ఉంది. రెండు రేకుల షెడ్లు, ఒక ఆఫీసు గది. ప్రొడక్షన్ మేనేజరు చైతన్యకృష్ణ ఎదురొచ్చాడు. ముప్పై ఐదేళ్ళుంటాయి. పోలీసు జీపును చూసి తడబడలేదు. లోపలికి తీసుకెళ్ళేముందు ఇద్దరిచేతా చెప్పులూ బూట్లూ విప్పించి, తలకు టోపీలు, కాళ్ళకు గుడ్డ తొడుగులు ఇప్పించాడు.

"మా బ్యాచ్ పరీక్షలో పాసైందండీ. కాగితాలు చూపిస్తాను."

"కాగితాలు తర్వాత చూద్దాం," అంది హారిక. "మందును పట్టి ఉంచడానికి ఏ బంక వాడతారు?"

"గోరుచిక్కుడు గింజలనుంచి తీసే బంక పొడి. గ్వార్ గమ్. కొత్తదేం కాదు, చాలామంది వాడతారు."

"ఎక్కడ నిల్వ చేస్తారు?"

"ఇక్కడే. ఏసీ స్టోరులో."

"ఎప్పుడూ ఇక్కడే..."

"ఎప్పుడూ ఇక్కడేనండీ." ప్రశ్న పూర్తికాకముందే జవాబు వచ్చింది.

స్టోరు గది శుభ్రంగా ఉంది. బంక పొడి దళసరి కాగితపు సంచుల్లో, చెక్క బల్లల మీద వరసగా పేర్చి ఉంది. సంచులన్నీ కొత్తవి. హారిక వాటి జోలికి పోలేదు. నేలమీద మోకరిల్లి ఫోన్ లైటుతో చెక్కబల్లల కిందికి చూసింది. చీపురు అందని మూల చెక్కల సందులో ఒక గోనెపోగు ఇరుక్కుని ఉంది. దాని రంగు ఎర్రగా మారింది. పక్కనే చదునైన పసుపుపచ్చ గింజలు నాలుగైదు. వాటిని పట్టకారుతో తీసి కాగితంమీద పెట్టింది.

"మీ మందుల స్టోరులో మిరపగింజలు ఏం చేస్తున్నాయి?"

"పనివాళ్ళు ఎవరైనా ఇక్కడ అన్నాలు..."

"ఎండుమిరపకాయలు కొరుక్కుంటూ తింటారా అన్నం?" అనిల్ కుమార్ అడ్డుపడ్డాడు. "నాచేత బూట్లు విప్పించావు కదయ్యా ఇప్పుడే! ఇక్కడ క్యారేజీలు విప్పనిస్తావా నువ్వు?"

హారిక తూకం గదిలోకి వెళ్ళింది. గోడకు పెద్ద జల్లెడ ఆనించి ఉంది. వల తళతళలాడుతోంది. ఆ వలను చట్రానికి బిగించిన చోట, రబ్బరు అంచు కింద ఎండిన తునకలు గట్టిగా అంటుకుని ఉన్నాయి. మామిడిచెట్టు మాను మీద ఎండిన జిగురులా ఉన్నాయి. ఒకటి పెకలించి సీసామూతలో నీళ్ళు పోసి వేసింది. అది కాసేపటికి మెత్తబడి సాగింది. ఎస్సై అదంతా ఫోన్‌లో వీడియో తీశాడు, ఎవరూ చెప్పకుండానే.

"స్టోరు పని చూసేది ఎవరు?" అని అడిగింది.

బుల్లయ్య వచ్చాడు. అరవైకి దగ్గర పడ్డ మనిషి. భుజాలు బరువులు మోసి వంగాయి. గొంతు మాత్రం షెడ్డంతా వినిపిస్తుంది. వచ్చీరాగానే మేనేజరు మొహం చూశాడు. అది గమనించి హారిక పొడి సంగతి ఎత్తలేదు.

"మీది ఏ ఊరండీ?"

"ప్రత్తిపాడు పక్కనమ్మా. కానీ పెరిగిందంతా మిర్చి యార్డులోనే. మా నాయన అక్కడే మేస్త్రీ, ఆయన తర్వాత నేను. నడుం పట్టేశాక సారు పిలిచి ఇక్కడ పెట్టుకున్నారు."

"ఎండుకాయ టిక్కీలోకి తొక్కేముందు ఏం చేస్తారు మీరు?"

"టిక్కీ అంటే తెలుసా మీకు? గోనెసంచి. తొక్కేముందు నీళ్ళు చల్లాలి. చల్లకుండా తొక్కామనుకో, కాయ పెళుసుగా ఉంటది, ముక్కలైపోద్ది. ఘాటు లేచి కళ్ళు పోతాయి. ఎంత చల్లాలో చేతికి తెలవాలి. ఎక్కువైతే బూజు పట్టుద్ది."

"మరి ఈ బంక పొడికి?"

"దీనికీ అంతే!" అన్నాడు బుల్లయ్య హుషారుగా. "అసలు కాయకంటే ఇదే అన్యాయం. ఏసీ పాడైందని వీటిని మిర్చి కోల్డ్ స్టోరేజీకి తోలారు గదా, అక్కడోళ్ళు వీటిమీద టిక్కీలు పేర్చిపెట్టారు. కాయితం సంచులు ఏం ఆగుతయ్? ఒకట్రెండు తప్ప అన్నీ చిరిగిపోయినయ్. ఖాళీ టిక్కీలుంటే నేనే వాటిలోకి ఎత్తించా. ఇక్కడికొచ్చి దింపేసరికి ఎండకి సంచులకి చెమట. విప్పితే పొడి ఎగిరి గదంతా తెల్లగా అయిపోయింది. కుర్రనాయాళ్ళు తుమ్మలేక చస్తున్నారు. ఒరేయ్, చెంబుతో నీళ్ళు చల్లండ్రా, అణుగుద్ది అని చెప్పా. అణిగింది!"

"బుల్లయ్యా!" అన్నాడు చైతన్యకృష్ణ.

"ఏంది సార్? అడిగింది చెప్తన్నా."

"అణిగాక ముద్దలు కట్టిందా?" అని అడిగింది హారిక.

"కట్టింది. సారే దగ్గరుండి జల్లెడ పట్టించారు. ముద్దలన్నీ పైన ఆగిపోయినయ్, పారబోశాం."

హారిక చైతన్యకృష్ణ వైపు తిరిగింది.

"నీళ్ళు తగిలిన చోటల్లా బంక ముందే పనిచేసేసి ముద్దయింది. ఆ ముద్దలు మీరు పారేశారు. అంటే మాత్రలోకి వెళ్ళాల్సిన బంకలో చాలా భాగం బయటే ఉండిపోయింది. బరువు తగ్గింది. ఆ తగ్గిన బరువును దేనితో నింపారు?"

"అది కంపెనీ విషయం."

"మనిషి పోయింది," అన్నాడు ఎస్సై. "ఇక కంపెనీ విషయం కాదు."

చైతన్యకృష్ణ టోపీ తీసి చేతిలో నలిపాడు. "లాక్టోజ్‌తో," అన్నాడు.

"పాలచక్కెర," అని హారిక ఎస్సైకి చెప్పింది. "నీళ్ళు తగలగానే కరిగిపోతుంది. గోడ కట్టాల్సిన చోట చక్కెర పెట్టారు."

"కానీ టెస్టు పాసైంది! ఎంతసేపటికి ఎంత కరగాలో, అంతే కరిగింది. మీరే చూడండి, కావాలంటే..."

"ఏ మాత్రలు పెట్టారు టెస్టుకు?"

"మొదట్లో తీసినవి."

"మొదట్లో వచ్చినవి చిరగని సంచిలోని బంకతో చేసినవి. తడిసిన టిక్కీలు తర్వాత విప్పారు. ఆ తర్వాత వచ్చిన మాత్రలు మళ్ళీ ఎందుకు పరీక్షించలేదు? పాసవ్వవని తెలుసు కాబట్టేనా?"

అతను నేలచూపులు చూశాడు. "బంక మళ్ళీ తెప్పించాలంటే మూడు వారాలు పడుతుంది. అప్పటికే ఆర్డరు ఆలస్యమైంది. కొంచెం తొందరగా కరుగుతుంది, అంతే కదా అనుకున్నాను. మందు ఎక్కువేం వేయలేదు కదండీ. మందు సరిగ్గానే ఉంది."

"మందు సరిగ్గానే ఉంది," అంది హారిక.

బుల్లయ్య ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. హుషారు పోయింది. "అమ్మా, ఏందమ్మా ఇది? నీళ్ళ మూలానా?"

హారికకు అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేదు. "నీళ్ళు చల్లింది మీరు. మీకు తెలియదు. చెడిపోయిందని తెలిసీ దానితో మాత్రలు చేయించింది ఈయన."

బుల్లయ్య అక్కడే గోడకు ఆనుకుని చతికిలబడ్డాడు.

అనిల్ కుమార్ పక్కకు వెళ్ళి స్టేషనుకు ఫోన్ చేశాడు. అప్పటికి టైము మూడు. "ఫెబాను కోర్టుకు తీసుకెళ్ళొద్దు. నేను సీఐ గారితో మాట్లాడతాను... కారణాలు వచ్చాక చెప్తా. ఆవిణ్ణి ఎక్కడ కూర్చోబెట్టారు? బెంచీమీదా? కుర్చీ వెయ్యి. టీ ఇప్పించు. తాగకపోయినా ఇప్పించు." ఫోన్ జేబులో పెట్టుకుని చైతన్యకృష్ణ దగ్గరకు వచ్చాడు. "ఈ బ్యాచ్ మాత్రలు ఇంకా ఎక్కడెక్కడున్నాయి?"

"ఎక్కడా లేవు సార్. సోమవారమే షాపులనుంచి మొత్తం వెనక్కి తెప్పించాం. కాల్చేశాం."

"సోమవారమా?" అంది హారిక. "రక్తం రిపోర్టు వచ్చిందే గురువారం. సోమవారానికే మీకెవరు చెప్పారు?"

అతను చెప్పడానికి ఇష్టపడలేదు. చెప్పక తప్పలేదు. "ఆదివారం పొన్నూరు నుంచి ఒక నర్సు ఫోన్ చేసింది. మాత్ర వేసుకున్న గంటకే దడ వచ్చి మనిషి పోయిందనీ, ఈ బ్యాచ్ ఎవరికీ అమ్మనివ్వొద్దనీ."

"నిన్న నాతోనూ అదే చెప్పింది," అన్నాడు అనిల్ కుమార్. "తప్పించుకోడానికి చెప్తోందనుకున్నా."

"కాల్చిన చోటు చూపించండి," అంది హారిక.

షెడ్డు వెనక గుంటలో బూడిద ఉంది. కర్రతో కెలికితే కరిగి ముడుచుకుపోయిన స్ట్రిప్పుల రేకులు బయటపడ్డాయి. గూళ్ళన్నీ వెనకవైపు చిరిగి ఉన్నాయి. మాత్రలతోసహా కాలిస్తే గూళ్ళు అలా చిరగవు. ఎవరో ఒక్కొక్కటే నొక్కి మాత్రలు బయటికి తీశాకే కాల్చారు.

"మాత్రలేవి?"

జవాబు చెప్పింది వాళ్ళ వెనకే వచ్చిన బుల్లయ్య. ఇప్పుడు అతని గొంతు పక్కవాడికి కూడా సరిగ్గా వినిపించలేదు.

"ఆడకూలీల చేత వలిపించారమ్మా, చిక్కుళ్ళు వలిచినట్టు. డబ్బాల్లో పోయించారు. నిన్న పొద్దున వ్యానొచ్చి తీసకపోయింది. చీమకుర్తి."

"చీమకుర్తిలో ఏముంది?"

"గ్రానైట్ క్వారీల దగ్గర ఉచిత వైద్య శిబిరం," అన్నాడు చైతన్యకృష్ణ ఎటో చూస్తూ. "రాయి దుమ్ముతో అక్కడ చాలామందికి ఆయాసం. మందులిస్తామని మా కంపెనీ తరఫున నెలరోజుల క్రితమే మాటిచ్చాం. వేరే స్టాకు లేదు. ఆ పొన్నూరు ఆవిడ పెద్దది, గుండెజబ్బు మనిషి అన్నారు. వీళ్ళు కుర్రవాళ్ళు కదా, తట్టుకుంటారని..."

ఎస్సై అతని భుజం పట్టుకున్నాడు. కొట్టలేదు. "ఎలా పంచారు?"

"కాగితం పొట్లాల్లో. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అని నోటితో చెప్పారు."

"పొట్లం మీద మందు పేరు ఉందా?"

"లేదు."

"తీసుకున్నవాళ్ళ పేర్లు?"

"వాళ్ళంతా బయటి రాష్ట్రాల కూలీలండీ. వరసలో నిలబడ్డారు, ఇచ్చాం."

హారిక టైము చూసుకుంది. నిన్న రాత్రి ఒకటి మింగి ఉంటారు. ఈ ఉదయం ఇంకొకటి. దడ పుట్టిన వాళ్ళు ఎండ దెబ్బనో, పని అలుపనో అనుకుని రేకుల గదుల్లో పడుకుని ఉంటారు. రాత్రి అన్నాలయ్యాక మూడోది వేసుకుంటారు.

అనిల్ కుమార్ చైతన్యకృష్ణను గేటు దగ్గర ఉంచిన కానిస్టేబులుకు అప్పగించి జీపు స్టార్టు చేశాడు. హారిక పక్కసీటులో కూర్చుంది. అతను ఒక చేత్తో స్టీరింగు తిప్పుతూ ఇంకో చేత్తో చీమకుర్తి స్టేషనుకు ఫోన్ కలిపాడు. అవతలి మనిషికి విషయం రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఏ క్వారీ కూలీలని అడిగారు. తెలియదన్నాడు. ఏ భాషవాళ్ళని అడిగారు. దానికీ తెలియదనే చెప్పాడు.

"మైకు పెట్టి ఆటో తిప్పమనండి," అంది హారిక. "తెలుగులో ఒక్కటే కాదు, హిందీ, ఒడియా వచ్చినవాళ్ళని ఎక్కించమనండి. తెల్ల మాత్రలు వేసుకోవద్దని, పొట్లాలు తెచ్చి ఇమ్మని చెప్పమనండి. దడ, వాంతులు ఉన్నవాళ్ళని ముందు ఆసుపత్రికి చేర్చమనండి."

అతను ఆ మాటలే ఫోన్‌లో చెప్పాడు. తర్వాత ఫోన్ ఆమె చేతికిచ్చి రెండు చేతులతో స్టీరింగు పట్టుకున్నాడు. చిలకలూరిపేట దాటేసరికి నాలుగైంది. ఫెబా కోర్టుకు వెళ్ళలేదు. క్వారీల్లో పంచిన పొట్లాల్లో ఒక్కటి కూడా ఇంకా వెనక్కి రాలేదు.